ఇంటిదగ్గర చదువుకునే పిల్లలకు ఉత్సాహం ఎక్కువా? మా అక్విడెక్టు కథ వినండి

"బడికి పంపకుండా ఇంట్లోనే చదివించే పిల్లల్ని ఇలా టూర్లకు తిప్పితే నిజంగా ఏమైనా నేర్చుకుంటారా, లేక అది షికారేనా?" అని ఒకరు అడిగారు. మా పిల్లలిద్దరినీ నాలుగేళ్లుగా ఇంట్లోనే చదివిస్తున్నాం, అమలాపురం దగ్గర. కాబట్టి చెప్పే హక్కు నాకుందనుకుంటున్నాను. నేర్చుకుంటారు. కాకపోతే మనం అనుకున్నది కాదు.

మొన్న డిసెంబర్లో, దాళ్వా నారుమళ్ల రోజుల్లో, పి.గన్నవరం అక్విడెక్టు చూపించడానికి తీసుకెళ్లాను. విమానాలు దిగే గన్నవరం కాదు, మన కోనసీమ గన్నవరం. అక్కడ వైనతేయ గోదావరి కింద పారుతుంటే పైనుంచి వంతెన మీదుగా పంట కాలువ దాటుతుంది. పాతది కాటన్ దొర కాలంలో కట్టింది, 49 ఆర్చీలు. పక్కనే ఉన్న కొత్తదానికి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. ఆకలితో వచ్చినవాళ్లందరికీ అన్నం పెట్టిన మహాతల్లి ఆవిడ, ఉన్నది లంకల గన్నవరంలో. ఆ పేరు వినగానే మా ఏడేళ్ల పిల్ల "కొబ్బరి డొక్కలు అమ్మేవారా అమ్మా?" అంది. కొబ్బరికాయ పీచు తొక్కని మావైపు డొక్క అంటాం. చరిత్ర పాఠం అక్కడితో సరి.

పదేళ్లవాడు ఆర్చీలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఒకసారి 47, ఒకసారి 50 వచ్చాయి. 49 అని నాకు తెలుసు, నాలుక చివరిదాకా వచ్చింది, ఆపుకున్నాను. నాలుగోసారికి కుదిరింది. ఎక్కాలు చెప్పమంటే పారిపోయేవాడు, ఎండలో నిలబడి నాలుగుసార్లు లెక్కపెట్టాడండీ!

తర్వాత అసలు ప్రశ్న వేశాడు. "కింద ఏట్లో ఇన్ని నీళ్లున్నాయిగా, అవే పొలాలకు వాడుకోవచ్చుగా? పైనుంచి ఎందుకు తేవడం?" నా దగ్గర జవాబు లేదు. పుట్టి పెరిగింది ఇక్కడే, ఏనాడూ ఆలోచించలేదు. గట్టు మీద సైకిలు పట్టుకుని నిలబడ్డ ఒక పెద్దాయన, కాలువ నీళ్లు చూసుకునే లస్కరుగా చేసి రిటైరయ్యారట, నవ్వి "ఏరు పల్లంలో ఉంది, పొలం మెరకలో ఉంది. నీరు మెరకెక్కుద్దా బాబూ? అందుకే పైన ధవళేశ్వరం దగ్గరే ఆనకట్ట కట్టి, ఎత్తులోనే పట్టుకుని, ఆ ఎత్తు పోకుండా ఇక్కడిదాకా నడిపించుకొచ్చారు" అన్నారు. మావాడు నోరు తెరిచి విన్నాడు. నిజం చెప్పొద్దూ, నేనూ అంతే.

ఈలోగా ఒక స్కూలు బస్సు వచ్చింది. పిల్లల్ని రెండు వరసల్లో నిలబెట్టారు, మాస్టారు విజిలేశారు, గ్రూపు ఫొటో తీశారు, చిప్స్ ప్యాకెట్లు పంచారు. పది నిమిషాలు కూడా అవలేదు. వాళ్లలో ఒకడు వరస తప్పించుకొచ్చి మావాడి పక్కన నిలబడి తనూ ఆర్చీలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఇరవై దాటాడో లేదో విజిల్ మోగింది, పరిగెత్తాడు. వాడికీ మావాడికీ తెలివిలో తేడా ఏమీ లేదు. మావాడికి విజిల్ లేదు, అంతే. నా అనుభవం నలుగురైదుగురు పిల్లలతోనే, అయినా ఇది ఎక్కడైనా ఇంతేనని రాసిస్తాను.

మా హోంస్కూల్ తల్లులూ తక్కువేం కాదు. మడ అడవులు చూడ్డానికి కోరంగి వెళ్లినప్పుడు ఒకావిడ ఇరవై ప్రశ్నల వర్క్‌షీట్ పంచింది. బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్లు ఎదురుగా ఉంటే, పిల్లలు తల వంచుకుని ఖాళీలు పూరిస్తున్నారు. ఇంక బడికీ దీనికీ తేడా ఏముంది? బంధువుల సంగతి సరేసరి. ఏ పెళ్లికెళ్లినా "పిల్లల్ని బడి మాన్పించారటగా" అని ముందు అదే పరామర్శ. పదో తరగతి ఓపెన్ స్కూల్లో రాయించవచ్చని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ల చెవికెక్కదు.

ఇంటికొచ్చాక ఎక్కాల మీద ప్రేమ పుట్టిందా అంటే, లేదు. మర్నాడు లెక్కల పుస్తకం మళ్లీ మంచం కిందే కనిపించింది. ఈ ఉత్సాహం చూసినదానికే అంటుకుని ఉంటుంది, పుస్తకంలోకి దానంతటది రాదు. ఆ మాట నాకెవరూ ముందు చెప్పలేదు.

ఆ రోజు అక్కణ్ణుంచి బయల్దేరే ముందు మా చిన్నది ఒక కొబ్బరి డొక్క ఈ చివర కాలువలో వేసింది. అవతలి చివరికి నడిచివెళ్లి ముగ్గురం కాపు కాశాం. గంట గడిచింది, గుర్రపు డెక్క వచ్చింది గానీ డొక్క రాలేదు. ఐదింటి బస్సు పోయింది. ఆటోకి 300 అయ్యాయి. దారంతా ఆ డొక్క ఎక్కడ ఇరుక్కుందోనని ఇద్దరూ కొట్టుకున్నారు.