అన్నీ ఒకేసారి మొదలుపెట్టి రెండో వారానికి వదిలేస్తుంటే

తమ్ముడూ, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ అయిదింటికి లేవడం, జిమ్, కన్నడ, పంచదార మానడం అన్నీ ఒకే సోమవారం మొదలుపెట్టానని, రెండో వారానికి అన్నీ అటకెక్కాయని, నీకు విల్‌పవర్ లేదని తేలిపోయిందని రాశావు. నాకలా అనిపించలేదు. వైట్‌ఫీల్డ్ ట్రాఫిక్ దాటి రాత్రి తొమ్మిదిన్నరకు గదికి చేరేవాడికి పొద్దున అయిదు అనేది కుదిరే లెక్క కాదు, అంతే.

21 రోజుల్లో అలవాటైపోతుందనే కబుర్లు పక్కన పెట్టు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని గమనిస్తే, ఒక పని అలవాటుగా మారడానికి పట్టే కాలం మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా ఉంటుందని అంచనాకొచ్చింది. మధ్యస్థంగా 66. ఇంకో మంచి సంగతి, మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టమేమీ లేదట. నువ్వేమో బుధవారం తప్పిందని గురువారం కూడా మానేశావు!

ఇప్పటికి ఒక్కటే పట్టుకో. 'రోజూ వ్యాయామం' అనుకుంటే నడవదు. ఎప్పుడు, ఎక్కడ అన్నది ముందే తేల్చుకుంటే పని జరిగే అవకాశం ఎక్కువని పీటర్ గోల్విట్జర్ అనే సైకాలజిస్టు చూపించాడు. ఆఫీసు క్యాబ్ దిగగానే, బూట్లు విప్పకముందే, పది నిమిషాలు నడువు. దారిలో కొబ్బరిబొండాలాయన్ని 'ఎష్టు' (ఎంత) అని అడుగు, కన్నడకూ శ్రీకారం చుట్టినట్టే. ఆయన తెలుగులోనే జవాబిస్తాడనుకో, అది వేరే సంగతి.

జిమ్‌కు ఏడాది ఫీజు మాత్రం ఇప్పుడే కట్టకు.