ఓజిబ్వే కథలు చదవబోయే అమ్మాయికి

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికాలో మినియాపొలిస్‌లో కాపురముంటూ ఆ చుట్టుపక్కల ఆదివాసులైన ఓజిబ్వేల కథలనే చదవాలనుకున్నావు, చాలా సంతోషమమ్మా. పిల్లలకు తెలుగులో చెప్పాలని కూడా ఉందన్నావు కాబట్టి, ఎక్కడ మొదలుపెట్టాలో, చదివేవాళ్ళు ఎక్కడ దారి తప్పుతారో రాస్తున్నాను.

ముందు కాలం చూసుకో. ఓజిబ్వేల కథలు రెండు రకాలు. జరిగిన సంగతులు, పెద్దల అనుభవాలు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. వాటిని దిబాజిమోవిన్ అంటారు. నానాబుష్ అనే మాయల వీరుడి కథలు, సృష్టి కథలు ఆదిజూకాన్. నేల మీద మంచు ఉన్నన్నాళ్ళే వాటిని చెబుతారు. కథల్లోని జీవులు మేలుకుని వినే కాలంలో వాటి మాట ఎత్తకూడదని పెద్దల మాట. పైగా మంచు కరిగితే తీరిక ఉండదు: మేపుల్ చెట్ల తీపి నీరు కాచి చక్కెర చెయ్యాలి, చేపలు, పళ్ళు, వేసవి చివర సరస్సుల్లో అడవి వరి కోత. నువ్వు కూడా మొదటి మంచు పడ్డాక మొదలుపెట్టు, వసంతంలో కప్పలు అరిచేలోపు ఆపెయ్. మిగతా నెలల్లో చరిత్ర చదువు.

చాలామంది అమెరికన్ కవి లాంగ్‌ఫెలో 1855లో రాసిన హయవాత కావ్యంతో మొదలుపెట్టి చెడిపోతారు. అందులో కథలు ఎక్కువగా నానాబుష్‌వి, పేరు మాత్రం వేరే జాతివాళ్ళ నాయకుడిది, నడక ఫిన్లాండ్ కావ్యానిది. ఆ కవికి ముడిసరుకు 1839లో స్కూల్‌క్రాఫ్ట్ అచ్చువేసిన కథలు. స్కూల్‌క్రాఫ్ట్ భార్య జేన్ జాన్‌స్టన్ ఓజిబ్వే తల్లి కూతురు. ఆమె, ఆమె పుట్టింటివాళ్ళు చెప్పినవి వాటిలో చాలా ఉన్నాయి. అయితే ఆయన ఆనాటి పాఠకుల మర్యాదకు తగ్గట్టు దిద్దాడు. వాటిని తర్వాత చూడవచ్చు. నువ్వు ముందు బాసిల్ జాన్‌స్టన్‌ని పట్టుకో. ఓజిబ్వే మనిషి, ఆ భాషలో పెరిగినవాడు. ఆయన 'ఓజిబ్వే హెరిటేజ్' 1976లో వచ్చింది. దాని పక్కన విలియం జోన్స్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త సేకరణ పెట్టుకో. 1917, 1919లలో రెండు సంపుటాలుగా వచ్చింది, ఒక పేజీలో ఓజిబ్వే, ఎదుటి పేజీలో ఇంగ్లిష్. పాతది కాబట్టి నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. నానాబుష్, నానబోజో, వెనబోజో అని ఊరికో రకంగా రాస్తారు, అందరూ ఒక్కడే.

పుస్తకం మొదటి పేజీ నుంచి చివరిదాకా ఏకబిగిన చదవకు. ఒక్క కథ తీసుకుని, దాన్ని వేర్వేరుగా చెప్పిన తీరులు కనీసం మూడు పక్కపక్కన చదువు. దానికి జలప్రళయం కథ మంచిది. మట్టి కోసం నీళ్ళలో ఎవరెవరు మునిగారు, ఎవరు ఓడిపోయారు, చివరికి మట్టి ఎవరు తెచ్చారు, అది ఎక్కడ పెరిగి భూమి అయింది, ఇవి నోట్‌బుక్‌లో రాసుకో. జాన్‌స్టన్ చెప్పినదాంట్లో ఆకాశం నుంచి దిగిన స్త్రీ తాబేలు వీపు మీద ఉంటుంది. జోన్స్ రాసుకున్నదాంట్లో నానాబుష్ తెప్ప మీద ఉంటాడు. ఏది అసలుది అని తేల్చబోకు, చెప్పినవాళ్ళు వేరు. తాబేలు కనబడగానే మనకు కూర్మావతారం గుర్తొస్తుంది, భూమిని పైకెత్తడం అనగానే వరాహం. ఆ పోలిక దగ్గర ఆగిపోతే కథ ప్రాణం జారిపోతుంది. ఇక్కడ దేవుడు దిగిరాడు. పెద్ద ఈతగాళ్ళందరూ చేతులెత్తేశాక, ఎవరూ లెక్కచెయ్యని మస్క్‌రాట్ అనే చిన్న నీటిజంతువు మునిగి, ఊపిరి పోయేదాకా వెళ్ళి, గుప్పెట్లో కాస్త మట్టి తెస్తుంది. ఈ కాలపు పాఠకులు ఈ కథలకు అతుక్కుపోవడానికి నా దృష్టిలో మొదటి కారణం ఇదే.

రెండో కారణం నానాబుష్. లోకాన్ని నిలబెట్టినవాడే తిండిపోతు, బుద్ధిహీనుడు. బాతులను కళ్ళు మూసుకుని నాట్యమాడమని ఒక్కొక్కదాని మెడ విరుస్తాడు. నీటికోడి ఒకటి ఓరకంట చూసి అరిస్తే దాన్ని తంతాడు, అందుకే దాని నడుము అలా నొక్కుకుపోయింది. బాతులను నిప్పుల్లో పూడ్చి, కాపలాకు తన పిర్రలను పెట్టి నిద్రపోతాడు. దొంగలు పడితే పిర్రలనే కాల్చి శిక్షిస్తాడు! పిల్లల పుస్తకాల్లో ఈ భాగం కోసేస్తారు. నువ్వు కొయ్యకు. చివర నీతి కూడా తగిలించకు, వినేవాళ్ళు తేల్చుకోవాలనే పెద్దలు వదిలేస్తారు.

మనుషులను తినే విండిగో అనే రాక్షసికి సినిమాల్లో దుప్పి కొమ్ములు పెడుతున్నారు. పాత కథల్లో అది ఎముకల గూడు, తిన్నకొద్దీ పెరిగి ఎప్పటికీ ఆకలి తీరనిది. చలికాలం చివర తిండి నిండుకునే దేశంలో ఆ భయం ఎక్కడిదో తెలుసుకుని చదువు. అడవులు నరికే కంపెనీలే నేటి విండిగోలని జాన్‌స్టన్ రాశాడు.

పూజలు, ఆచారాల విషయంలో చెయ్యి దగ్గర పెట్టుకో. మిడేవివిన్ అనే వైద్యుల సంఘం ఉంది, దాని పాటలు, బిర్చ్ బెరడు చుట్టల మీది బొమ్మలు పాత పుస్తకాల్లో అచ్చయ్యాయి. చదవచ్చు, పాడకు, కాపీ చేసి పంచకు. 1883 నుంచి అమెరికా ప్రభుత్వం వీళ్ళ నాట్యాలను, వైద్యుల పనులను నేరాలుగా శిక్షించింది. ఆదివాసుల మతస్వేచ్ఛ చట్టం 1978లో గాని రాలేదు. పెద్దలు అందరి ముందూ నోరు విప్పరంటే కారణం ఉంది.

మంచు పడేలోపు మిల్లె లాక్స్ మ్యూజియం చూసి రా, మీకు ఉత్తరాన ఆ సరస్సు ఒడ్డునే ఉంటుంది. పెద్దవాళ్ళెవరినైనా కథ అడగాలంటే గుప్పెడు విడి పొగాకు చిన్న గుడ్డలో కట్టి, ముందు అది చేతికిచ్చి అప్పుడు అడుగు. పుచ్చుకుంటే చెబుతానన్నట్టు, పుచ్చుకోకపోతే బలవంతం చెయ్యకు. ఫోన్‌లో రికార్డు చెయ్యాలంటే విడిగా అడగాలి. విన్న కథ పిల్లలకు చెప్పేటప్పుడు ఏ ఊరివాళ్ళ దగ్గర విన్నావో చెప్పి మొదలుపెట్టు. పత్రికకు పంపాలనుకుంటే మళ్ళీ వెళ్ళి వాళ్ళ అనుమతి తీసుకో. జాన్‌స్టన్ పుస్తకాలకు ప్రచురణకర్త అనుమతి కూడా కావాలి.

ఆశీస్సులతో,
అత్తయ్య