టెక్ సందేహాలు: గడియారం అయిదున్నర గంటలు వెనక్కి ఎందుకు వెళ్తోంది?

మాది గుంటూరు బ్రాడీపేట. బీటెక్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే ఉబుంటు లినక్స్ వేసుకున్నాను. ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే టైమ్ తప్పు చూపిస్తోంది. డి డ్రైవ్‌లో ఫైళ్లు ఉబుంటులో తెరుచుకుంటున్నాయి కానీ, మార్పులు సేవ్ కావడం లేదు. ల్యాప్‌టాప్ పాడైందా?

పాడవలేదు, టెన్షన్ పడకండి. ఉదయం 10 గంటలప్పుడు విండోస్ 4:30 చూపిస్తోంది కదా? ఆ తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. గ్రీన్‌విచ్ సమయానికీ మన సమయానికీ ఉన్న తేడా కూడా అంతే. మదర్‌బోర్డు మీద చిన్న బ్యాటరీతో నడిచే గడియారం ఒకటి ఉంటుంది. అందులో ఉన్నది మన ఊరి సమయమే అని విండోస్ నమ్ముతుంది. లినక్స్ మాత్రం దాన్ని గ్రీన్‌విచ్ సమయంగా లెక్కగట్టి, అయిదున్నర కలిపి చూపిస్తుంది. ఒకటి దిద్దిన గడియారాన్ని రెండోది తప్పుగా చదువుతోంది, అంతే. రెండింటినీ ఒకే లెక్కకు తెస్తే సరిపోతుంది. ఉబుంటు టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ కమాండ్‌తో సెట్-లోకల్-ఆర్‌టీసీ విలువను 1 చేయండి (timedatectl set-local-rtc 1). ఆ తర్వాత విండోస్‌లో టైమ్‌ను ఒకసారి సింక్ చేయండి.

ఫైళ్లు సేవ్ కాకపోవడానికి ఎక్కువ సార్లు కారణం విండోస్‌లోని ఫాస్ట్ స్టార్టప్. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ కొట్టినా విండోస్ పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. అలా సగంలో వదిలిన డ్రైవ్ మీద రాస్తే డేటా చెడిపోతుందని లినక్స్ చదవడానికి మాత్రమే ఇస్తుంది. ఇది మీ మేలు కోరి చేసే పని, బలవంతంగా దాటే కమాండ్లు వాడకండి. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కు వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి. తొందరలో ఉంటే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ చేసినా చాలు, అప్పుడు పూర్తిగా ఆగుతుంది.

మీరు అడగకపోయినా ఒక మాట. మీ ల్యాప్‌టాప్‌లో డిస్క్‌కు తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూడండి. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మనకు తెలియకుండానే ఆన్ అయి ఉంటుంది. విండోస్ కంటే ముందు లేచే బయోస్‌లో ఏదైనా మార్చినప్పుడు అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ లేకపోతే మీ ప్రాజెక్టు ఫైళ్లన్నీ పోయినట్టే. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటే ఈ రోజే చూసి కాగితం మీద రాసిపెట్టుకోండి.

విజయవాడ లబ్బీపేటలో ఉంటాను. రిటైర్డ్ టీచర్‌ని. మా అబ్బాయి మ్యాక్‌బుక్ పంపాడు. కర్సర్‌కు కుడి పక్క అక్షరాలు డిలీట్ కావడం లేదు. పెన్‌డ్రైవ్‌లో ఏమీ సేవ్ కావడం లేదు.

మేష్టారూ, మ్యాక్‌లో డిలీట్ కీ ఎడమ పక్క అక్షరాన్నే చెరుపుతుంది. ఎఫ్‌ఎన్ కీతో కలిపి నొక్కితే కుడి పక్కది పోతుంది. కాపీకి, పేస్ట్‌కు కంట్రోల్ బదులు కమాండ్ కీ వాడండి. ఎర్ర బటన్ కిటికీని మాత్రమే మూస్తుంది, ప్రోగ్రామ్ ఆగాలంటే కమాండ్, క్యూ కలిపి నొక్కాలి. మీ పెన్‌డ్రైవ్ విండోస్ వాడే ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతిలో ఉండి ఉంటుంది. దాన్ని మ్యాక్ చదువుతుంది కానీ రాయదు. అందులోని ఫైళ్లు మరోచోట దాచుకుని, ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయించండి. అప్పుడు విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ పనిచేస్తుంది.

విజయవాడ గవర్నరుపేటలో ఇరవై ఏళ్లుగా మాకు చిన్న డీటీపీ సెంటర్ ఉంది. మా విండోస్ 10 సిస్టమ్ విండోస్ 11కు పనికిరాదన్నారు. లినక్స్‌కు మారితే మేం పేజీలు కూర్చే పేజ్‌మేకర్, తెలుగు టైపుకు వాడే అను ఫాంట్లు నడుస్తాయా?

ఆ సిస్టమ్‌ను మార్చకండి. విండోస్ 10కు ఉచిత సెక్యూరిటీ అప్‌డేట్లు ఇచ్చే గడువు 2025 అక్టోబరు 14తో ముగిసిన మాట నిజమే. అయినా మీ ఇరవై ఏళ్ల పనంతా అందులోనే ఉంది. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, వచ్చింది 2001లో. దాన్ని లినక్స్ మీద బతిమాలి నడిపించే కంటే, ఆ సిస్టమ్‌ను ఇంటర్నెట్ నుంచి తప్పించి కంపోజింగ్‌కు మాత్రమే ఉంచుకోవడం మంచిది. మెయిళ్లు, వాట్సాప్, కస్టమర్ల పెన్‌డ్రైవ్‌లు చూడటానికి వేరే మెషీన్ పెట్టండి. దానికి లినక్స్ మింట్ బాగుంటుంది. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపించి, వైఫై, ప్రింటర్ పనిచేస్తున్నాయని చూసుకున్నాకే ఇన్‌స్టాల్ చేయండి.

అసలు చిక్కు ఫాంట్లతో ఉంది. పాత ఫాంట్లలో మీరు "అ" అని చూసేది కంప్యూటర్‌కు తెలుగు అక్షరం కాదు, తెలుగు బొమ్మ తొడిగిన ఇంగ్లిష్ అక్షరమో గుర్తో. ఫాంట్ లేని చోట ఆ తొడుగు ఊడిపోతుంది. మా నాన్న తన చిన్ననాటి సంగతులు అలాంటి ఫాంట్‌లోనే టైప్ చేయించుకున్నారు. ఆయన పోయాక ఆ ఫైలు కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనిపించలేదు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి, అంటే ప్రతి అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతిలోకి మార్చి, వత్తులు ఒక్కొక్కటే దిద్దుకుంటూ చదవడానికి నాకు నెల పట్టింది. తెలుగుకు యూనికోడ్‌లో 1991 నుంచే చోటుంది. అందులో టైప్ చేసింది విండోస్, మ్యాక్, లినక్స్, ఫోన్ అన్నిటిలోనూ తెలుగుగానే ఉంటుంది.

అందుకని కొత్తగా వచ్చే శుభలేఖలు, కరపత్రాలు యూనికోడ్‌లో మొదలుపెట్టండి. కృష్ణా జిల్లాకు చెందిన మండలి వెంకటకృష్ణారావు గారి పేరు పెట్టిన మండలి ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, అచ్చులో బాగుంటుంది. పేజీలు కూర్చడానికి ఇన్‌డిజైన్ వాడితే అందులో వరల్డ్ రెడీ కంపోజర్ ఆన్ చేయండి, లేకపోతే వత్తులు విడిపోతాయి. పాత ఫైళ్లలో మళ్లీ అచ్చుకు వచ్చేవాటిని ఫాంట్లు ఎంబెడ్ చేసిన, అంటే లోపలే పొదిగిన పీడీఎఫ్‌లుగా దాచండి. ఆ పని మాత్రం పాత హార్డ్‌డిస్క్ బాగున్నప్పుడే, ఈ వారంలోనే మొదలుపెట్టండి.