మా అమ్మాయి ప్లాన్లకు లెక్కలు కడుతోంది.. ఇందులో ఉద్యోగాలుంటాయా?

ప్రశ్న: మా అమ్మాయి బీఆర్క్ మూడో సంవత్సరం చదువుతోంది. మొదట్లో ఎప్పుడూ చేత్తో బొమ్మలు వేస్తూ ఉండేది. ఇప్పుడు రోజంతా గ్రాస్‌హాపర్ అనే సాఫ్ట్‌వేర్ ముందే కూర్చుంటోంది. ఏం చేస్తున్నావంటే ‘ఏ గది ఎంత లోపలికి ఉంది, ఎక్కడ నిలబడితే ఎంత కనిపిస్తుంది అని లెక్క కడుతున్నా’ అంటుంది. డిజైన్ వదిలేసి సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లిపోతోందేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. సాఫ్ట్‌వేర్లు మారిపోతూనే ఉంటాయి, దీనికింత సమయం దండగ అంటున్నారు వాళ్ల నాన్న. పైగా తనకు చిన్నప్పటి నుంచీ లెక్కలంటే భయం. దీన్ని నమ్ముకుంటే ఉద్యోగం దొరుకుతుందా? డిగ్రీ అవగానే మాస్టర్స్‌కి పంపించమంటారా?

జవాబు: అమ్మా, ముందు ఆ టెన్షన్ పక్కన పెట్టండి. మీ అమ్మాయి డిజైన్ వదిలేయలేదు. మనిషి లోపలికి అడుగుపెట్టాక ఎటు నడుస్తాడు, ఏం చూస్తాడు, ఎక్కడ తికమకపడతాడు అన్నది ఆర్కిటెక్టుకు ఎప్పటి నుంచో ఉన్న ప్రశ్నే. దానికి అంచనాతో సరిపెట్టుకోకుండా లెక్కతో జవాబు వెతుకుతోంది. మూడో సంవత్సరంలోనే ఆ ప్రశ్న పట్టుకుందంటే నాకు సంతోషంగా ఉంది.

గ్రాస్‌హాపర్‌తో చేసే పనిని పారామెట్రిక్ డిజైన్ అంటారు. ఆ మాట వినగానే చాలామందికి వంపులు తిరిగిన భవనాలే గుర్తొస్తాయి. అసలు సంగతి వేరు. మామూలుగా కంప్యూటర్లో గోడ గీస్తే అది అక్కడే ఉండిపోతుంది. గ్రాస్‌హాపర్‌లో గోడకు బదులు సంబంధాలు రాస్తారు. కారిడార్ వెడల్పు ఇంత, దానికి ఆనుకుని గదులు ఇలా, తలుపు మూల నుంచి ఇంత దూరంలో అని. ఆ వెడల్పుకు పెట్టిన స్లైడర్‌ను జరిపితే ప్లాన్ మొత్తం దానంతటదే మళ్లీ గీసుకుంటుంది. ఇటలీ ఆర్కిటెక్ట్ లుయీజీ మొరెట్టి ఈ పద్ధతికి ‘పారామెట్రిక్’ అని పేరు పెట్టి, 1960లో మిలాన్‌లో స్టేడియం నమూనాలు ప్రదర్శించాడు. అందులో ఆయన ముఖ్యంగా పట్టించుకున్నవాటిలో ఒకటి ఏ సీట్లో కూర్చున్నవాళ్లకు మైదానం ఎంత బాగా కనిపిస్తుందన్నది. అంటే మీ అమ్మాయి చేస్తున్న పని ఈ రంగం మొదలైన చోటికి చాలా దగ్గర.

గదుల అమరికను లెక్కించే పద్ధతి ఇంకో దారిలో వచ్చింది. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీలో బిల్ హిల్లియర్, జూలియన్ హాన్సన్, వాళ్ల సహచరులు 1970ల చివర్లో ‘స్పేస్ సింటాక్స్’ అనే పద్ధతికి రూపమిచ్చారు. 1979లో మైకేల్ బెనెడిక్ట్ ‘ఐసోవిస్ట్’ ఆలోచనను ఆర్కిటెక్చర్‌లోకి తెచ్చాడు. ఒక చోట నిలబడి చుట్టూ తిరిగి చూస్తే ఎంత మేర కనిపిస్తుందో ఆ ఆకారమే ఐసోవిస్ట్. ఆ తర్వాత అలస్డేర్ టర్నర్ ఇలాంటి లెక్కలు వేసిపెట్టే డెప్త్‌మ్యాప్ అనే ప్రోగ్రామ్ రాశాడు. దాని కొత్త రూపం డెప్త్‌మ్యాప్‌ఎక్స్ ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. ఇదే పనిని గ్రాస్‌హాపర్‌లోపలే చేసుకోవడానికి డీకోడింగ్‌స్పేసెస్, సింటాక్టిక్ లాంటి ప్లగిన్లు, అంటే అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు ఉన్నాయి. లోపలే చేసుకుంటే వచ్చే లాభం చాలా పెద్దది. తలుపు జరిపిన మరుక్షణం అంకె మారడం కళ్లముందే కనిపిస్తుంది.

ఇక్కడి నుంచి మీ అమ్మాయి చేత చదివించండి.

కంప్యూటర్ మూసేసి, కాగితం మీద ఒక చిన్న క్లినిక్ తీసుకో తల్లీ. వాకిలి, రిసెప్షన్, వెయిటింగ్ హాలు, డాక్టర్ గది, ల్యాబ్, మందుల గది, మొత్తం ఆరు చోట్లు. వాకిట్లోంచి రిసెప్షన్‌కి, అక్కడి నుంచి హాల్లోకి దారి. హాల్లో ఒక తలుపు డాక్టర్ గదికి, ఇంకొకటి మందుల గదికి. ల్యాబ్‌కి మాత్రం డాక్టర్ గదిలోంచే వెళ్లాలి. ఒక్కో చోటును చుక్కగా, ఒక్కో తలుపును గీతగా వెయ్యి. ఇప్పుడు ల్యాబ్ నుంచి మిగతా ఐదు చోట్లకు ఎన్నెన్ని తలుపులు దాటాలో లెక్కపెట్టు. డాక్టర్ గదికి 1, హాలుకు 2, రిసెప్షన్‌కు 3, మందుల గదికి 3, వాకిలికి 4. మొత్తం 13. ఇదే ల్యాబ్ ‘డెప్త్’. హాలుకు అదే లెక్క వేస్తే 7 వస్తుంది. అందుకే హాలు అందరికీ అందుబాటులో ఉన్నట్టు, ల్యాబ్ ఎక్కడో మూలన ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు హాలు నుంచి ల్యాబ్‌కి నేరుగా ఇంకో తలుపు పెట్టు. ల్యాబ్ డెప్త్ 13 నుంచి 9కి దిగుతుంది, హాలుది 6 అవుతుంది. మరి డాక్టర్ గది? ముందూ 9, తర్వాతా 9. అంకె కదలనే లేదు. కానీ ఆ గదిలో కూర్చునే డాక్టరునడిగితే తన రోజంతా మారిపోయిందంటారు. అంతకుముందు ల్యాబ్‌కి వెళ్లే ప్రతి మనిషీ ఆ గదిలోంచే నడిచేవాడు. ఇప్పుడెవరూ నడవనక్కర్లేదు. దాన్ని పట్టుకోవాలంటే వేరే కొలత కావాలి. మిగతా చోట్ల మధ్య అతి దగ్గర దారుల్లో ఎన్ని ఈ గదిలోంచి పోతున్నాయో లెక్కపెట్టాలి. స్పేస్ సింటాక్స్‌లో దీన్ని ‘చాయిస్’ అంటారు. ఆ లెక్కలో డాక్టర్ గది 4 నుంచి 0కి పడిపోయింది.

నువ్వు నేర్చుకోవాల్సిన అసలు విద్య ఇదే. సాఫ్ట్‌వేర్ అడిగిన కొలతల్లా ఇస్తుంది, ఎర్ర రంగూ నీలి రంగూ పూసి అందంగా చూపిస్తుంది. ఏ ప్రశ్నకు ఏ కొలత అన్నది మాత్రం నువ్వే తేల్చుకోవాలి. డెప్త్ ఒక్కటే చూసి ‘డాక్టర్ గదిలో మార్పేమీ లేదు’ అని రాసే విద్యార్థుల రిపోర్టులు నేను చూస్తూనే ఉంటాను. లెక్క తప్పు కాదు, అడిగిన ప్రశ్నే తప్పు.

ఇలాంటిదే ఇంకోటి ఉంది. అద్దం గోడను గోడ కింద లెక్కేస్తావా, లేదా? కళ్లకు అది లేనట్టే, కాళ్లకు మాత్రం ఉన్నట్టే. నడుం ఎత్తు కౌంటర్ కూడా అంతే. అందుకే చూపుకు ఒక మ్యాప్, నడకకు ఒక మ్యాప్ విడివిడిగా వేయాలి. రెండూ పక్కపక్కన పెట్టి, కనిపిస్తుంది గానీ చేరుకోలేం అన్న చోట్లు ఎక్కడున్నాయో చూడు. కొత్తగా వచ్చినవాళ్లు దారి తప్పేది ఎక్కువగా అక్కడే.

గాలపగోస్ లాంటి ఆప్టిమైజేషన్ టూల్స్ జోలికి మాత్రం మొదట్లోనే వెళ్లకు. వందల లేఅవుట్లు పుట్టించి ‘ఇదే మేలైనది’ అని చూపిస్తాయి. మేలైనది అంటే ఏంటో చెప్పింది నువ్వే కదా! డిజైన్ సాఫ్ట్‌వేర్లు తయారుచేసే ఆటోడెస్క్ సంస్థ టొరంటో ఆఫీసును ద లివింగ్ అనే స్టూడియో ఇలాంటి పద్ధతిలోనే డిజైన్ చేసింది. అక్కడ ముందు ఉద్యోగులను వాళ్లు పని చేసే తీరు గురించి, ఎవరి పక్కన కూర్చుంటే బాగుంటుందో అన్నదాని గురించి అడిగి, ఆ తర్వాతే వెలుతురు, బయటి దృశ్యం, ఏకాగ్రత చెడకపోవడం లాంటి ఆరు లక్ష్యాలు పెట్టుకున్నారు. అల్గారిథం కంటే నాకు ఆ అడగడమే విలువైనదిగా కనిపిస్తుంది.

అలాగే, లెక్క వేసిన చోటికి వెళ్లి నిలబడు. లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌ను తీర్చిదిద్దేటప్పుడు హిల్లియర్ బృందం నుంచి పుట్టిన కన్సల్టెన్సీ, ఫాస్టర్ అండ్ పార్ట్‌నర్స్ అనే ఆర్కిటెక్చర్ సంస్థతో కలిసి పనిచేసింది. జనం ఎటు నడుస్తున్నారో గమనిస్తే, చౌరస్తా మధ్యలోకి రాకుండా అంచుల వెంబడే పోతున్నారని తేలింది. ఉత్తరం వైపు ట్రాఫిక్ ఆపి, నేషనల్ గ్యాలరీ ముందు నుంచి మధ్యలోకి దిగే పెద్ద మెట్లు కట్టారు. 2003లో తెరిచాక జనం మధ్యలోంచి నడవడం మొదలుపెట్టారు. ఆ మెట్ల ఆలోచన వెనుక పరిశీలన, కంప్యూటర్ మోడల్ రెండూ ఉన్నాయి. నీ కాలేజీ భవనంలోనే ఈ పని చేయొచ్చు. గంటసేపు ఒక మూల నిలబడి, ఎవరు ఎటు వెళ్తున్నారో ప్లాన్ మీద గుర్తుపెట్టు. మ్యాప్‌తో కలవని చోటు తప్పకుండా దొరుకుతుంది. రిపోర్టు దాని గురించే రాయి.

ఇక ఉద్యోగాల సంగతి, మీ ఇద్దరికీ కలిపి చెబుతాను. ‘లేఅవుట్ విశ్లేషణ’ అన్న పేరుతోనే ఉండే ఉద్యోగాలు తక్కువ. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. అయితే ఈ నేర్పు పనికొచ్చే చోట్లు చాలా ఉన్నాయి. పెద్ద ఆర్కిటెక్చర్ సంస్థల్లో కంప్యుటేషనల్ డిజైనర్, అంటే కంప్యూటర్ లెక్కలతో డిజైన్ చేసేవాళ్లు అనే హోదా ఉంటుంది. జహా హదీద్ ఆర్కిటెక్ట్స్‌లోనైతే ఆఫీసు లేఅవుట్లను విశ్లేషించడానికే ఒక బృందం ఉంది. ఆస్పత్రులు, ఎయిర్‌పోర్టులు, మ్యూజియంలు డిజైన్ చేసే సంస్థలకు, నగర ప్రణాళిక కన్సల్టెన్సీలకు, ఆఫీసు స్థలాల సలహాదారులకు ఇలాంటి మనిషి కావాలి. ఆస్పత్రుల వైపు చూడమని నేను ప్రత్యేకంగా చెబుతాను. నర్సు ఒక షిఫ్టులో ఎంత నడుస్తుంది, తన బల్ల దగ్గర నుంచి ఎన్ని పడకలు కనిపిస్తాయి అన్నవి అక్కడ రోగి ప్రాణానికి సంబంధించిన ప్రశ్నలు. మొదటి ఉద్యోగం మాత్రం మామూలు ఆర్కిటెక్టుగానే వెతుక్కోవాలి. మెట్లు, టాయిలెట్లు, అగ్నిమాపక నిబంధనలు, నిర్మాణ డ్రాయింగులు రాకుండా విశ్లేషణ ఒక్కటే వస్తే ఆ మాటకు ఆఫీసులో బరువుండదు.

సాఫ్ట్‌వేర్లు మారిపోతాయన్న మాట నిజమే. గ్రాస్‌హాపర్‌ను 2007లో డేవిడ్ రుటెన్ వేరే పేరుతో మొదలుపెట్టాడు. 2018లో రైనో అనే 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఆరో వెర్షన్ వచ్చేసరికి అందులోనే భాగమైపోయింది. రేపు ఇంకో రూపం తీసుకోవచ్చు. భవనాల డ్రాయింగులకు రెవిట్ అనే సాఫ్ట్‌వేర్ వాడే ఆఫీసుల్లో ఇప్పటికే దీని బదులు డైనమో అనే టూల్ ఉంటుంది. కానీ పైన క్లినిక్‌కి వేసిన చుక్కలూ గీతలూ ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా అవే. పునాది అక్కడ వేసుకుంటే టూల్ మారినా కొన్ని వారాల్లో అలవాటవుతుంది. వాళ్ల నాన్నగారికి ఈ మాట చెప్పండి.

లెక్కల భయమంటారా, క్లినిక్ లెక్కలో కూడికలు తప్ప ఇంకేమైనా ఉందా? తర్వాత సగటులు, నిష్పత్తులు, కొంచెం గ్రాఫ్ థియరీ (చుక్కలూ గీతల లెక్క), వెక్టర్లు (దిశ, దూరం కలిపి చెప్పేవి) వస్తాయి. కంటికి కనిపించే ప్లాన్‌తో ముడిపడి ఉంటాయి కాబట్టి పరీక్షల లెక్కల్లా భయపెట్టవు. గ్రాస్‌హాపర్‌లో అందరూ తడబడేది డేటా ట్రీల దగ్గర, అంటే సమాచారాన్ని కొమ్మలు కొమ్మలుగా సర్దే పద్ధతి దగ్గర. అక్కడ ఆగిపోతే అది తన తెలివికి సంబంధించిన లోపం అనుకోవద్దని చెప్పండి. ఆ మెట్టు దాటాక పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మొదలుపెడితే చాలు.

పోర్ట్‌ఫోలియోలో గ్రాస్‌హాపర్ గీతల వైర్లతో నిండిన స్క్రీన్ బొమ్మలు పెట్టొద్దు. వాటిని చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు అరుదు. ఒకే ఒక్క ప్రాజెక్టు పూర్తిగా చూపించాలి. ప్లాన్, దాన్ని అడిగిన ప్రశ్న, కొలత, దాన్నిబట్టి మార్చిన తలుపో గోడో, మార్చాక వచ్చిన అంకె, అక్కడ నిలబడి చూసింది, అన్నీ రెండు పేజీల్లో ఉండాలి. చేత్తో వేసే బొమ్మలు కూడా ఉంటే ఇంకా మంచిది. ఆ అలవాటు పోనివ్వొద్దు.

మాస్టర్స్‌కి వెంటనే పంపొద్దనే నా సలహా. ఒకటి రెండేళ్లు ఆఫీసులో పనిచేస్తే తనకు ఏ ప్రశ్న మీద మనసుందో తేలుతుంది, కోర్సు ఎంచుకోవడం తేలికవుతుంది. ఎందుకంటే ‘కంప్యుటేషనల్’ అనే మాట కింద రకరకాల చదువులున్నాయి. స్టుట్‌గార్ట్ యూనివర్సిటీ ఐటెక్ కోర్సు ఎక్కువగా నిర్మాణం, రోబోటిక్ తయారీ చుట్టూ తిరుగుతుంది, మీ అమ్మాయి ఆసక్తి అది కాదు. లండన్ యూనివర్సిటీ కాలేజీలోని బార్ట్‌లెట్ ఆర్కిటెక్చర్ స్కూల్లో స్పేస్ సింటాక్స్ పేరుతోనే ఎమ్మెస్సీ ఉంది, అది దగ్గరగా సరిపోతుంది. ఏ కోర్సుకు అప్లై చేసినా ముందు అక్కడి విద్యార్థుల థీసిస్‌లు మూడు నాలుగు తెచ్చుకుని చదవమనండి. చదువుతుంటే ‘నేనూ ఇలాంటిదే చేయాలి’ అనిపిస్తే అప్లై చేయాలి. విసుగొస్తే ఆ కోర్సు ఎంత పేరున్నదైనా వద్దు.