గన్నేరు కొమ్మ పట్టీలా సాగితే భయం లేదు, బిళ్లగన్నేరు పూలు ఆకుపచ్చగా వస్తే మాత్రం ఆగకండి

మీ ఎర్ర గన్నేరులో ఒక కొమ్మ రెండు వేళ్ల వెడల్పున పట్టీలా చదునుగా సాగిందని, చివర ఆకులన్నీ గుత్తిగా వచ్చాయని, పాము పడగలా ఉంది కాబట్టి చెట్టే తీసెయ్యమని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారని రాశారు. చెట్టును పీకకండి. అది దోషం కాదు, అంటుకునే జబ్బు లక్షణంలా కూడా లేదు.

కొమ్మ చివర పెరిగే భాగం మామూలుగా చుక్కంత ఉంటుంది. అది గీతలా సాగిపోతే కొమ్మ గుండ్రంగా కాకుండా రిబ్బన్‌లా వస్తుంది. దీన్ని ఫాసియేషన్ అంటారు. చిగురుకు దెబ్బ తగిలినా, పురుగు కొరికినా, లోపల హార్మోన్లు తారుమారైనా రావచ్చు. కొన్నిసార్లు ఒక బ్యాక్టీరియా వల్ల కూడా వస్తుంది. కోడిజుట్టు పువ్వు చూశారు కదా, ఆ మడతల అందమంతా ఇదే. కాకపోతే దానికి విత్తనంలోనే ఆ గుణం ఉంది.

నాకు టెన్షన్ పెట్టింది వేరే రకం. తిరుపతిలో మా మిద్దెపైన పదకొండు కుండీల్లో బిళ్లగన్నేరు ఉండేది. ఒక చెట్టుకు గులాబీ రంగు పూలు పాలిపోయి, తర్వాత పచ్చగా రావడం మొదలైంది. రేకు పట్టుకుంటే పువ్వులా మెత్తగా లేదు, ఆకులా మందంగా ఉంది. ఒక పువ్వు నడిమి నుంచి బుల్లి చిగురు కూడా లేచింది. నాకది అపురూపంగా అనిపించి, రోజూ కనబడేలా మెట్ల పక్కన పెట్టుకున్నాను. రెండు నెలల్లో పక్క కుండీల్లోనూ ఆకులు మెంతాకంత చిన్నవై, పసుపెక్కి, చీపురుకట్టలా గుబురు కట్టాయి. మొక్కలు కొన్నచోట అడిగితే ఎరువు చాలలేదని ఒక పొడి ఇచ్చారు. మూడు వారాలు వేశాను, ఆ రోజులన్నీ వృథా.

చివరికి పాకాల నుంచి మా నాయన వచ్చి, ఆకు తిప్పి చూసి, "వంగలో వచ్చే వెర్రి తెగులు మాదిరే ఉంది కదమ్మా" అన్నాడు. నువ్వుల చేలో కూడా పువ్వు ఆకైపోయే ఈ తెగులు ఉంటుంది. దీనికి కారణం ఫైటోప్లాస్మా, అంటే కణగోడ లేని బ్యాక్టీరియా. చెట్టు రసనాళాల్లో ఉంటుంది, దీపపు పురుగులు ఒక చెట్టు రసం పీల్చి ఇంకోదానికి అంటిస్తాయి. ఇంట్లో కొట్టే ఏ మందుకూ ఆ చెట్టు కోలుకోదు. వేరుతో సహా పీకి, కవర్లో కట్టి పారేయాల్సిందే. నాకు మూడు కుండీలే మిగిలాయి. మొదటి పచ్చపువ్వు రోజే పీకేసి ఉంటే అన్ని పోయేవి కావేమో అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మందారం చిగుళ్లు ముద్దగా ముడుచుకుపోతే ముందు విప్పి చూడండి, లోపల తరచూ తెల్లటి పిండినల్లి ఉంటుంది. ఆ కొనలు కత్తిరించి, వేపనూనె కలిపిన సబ్బు నీళ్లు కొడితే తేరుకుంటుంది. దగ్గర్లో కలుపు మందు కొట్టినా ఆకులు మెలితిరుగుతాయి, అది కూడా గుర్తు చేసుకోండి.

మీ గన్నేరు ఆకులు మామూలు సైజులో, పచ్చగా, పూలు ఎప్పటి రంగులోనే ఉంటే నిశ్చింతగా ఉండండి. పెద్దవాళ్లకు ఇబ్బందిగా ఉంటే చదునైన భాగానికి కిందగా ఆ ఒక్క కొమ్మే కోయండి, సాధారణంగా కొత్త చిగుళ్లు మామూలుగానే వస్తాయి. గన్నేరు రసం విషం కాబట్టి గ్లవ్స్ వేసుకుని కోసి, తర్వాత కత్తెర, చేతులు సబ్బుతో కడుక్కోండి. కోసిన కొమ్మను పిల్లలకు, పశువులకు అందేచోట వదలకండి.