దొంగ చేతికి అధికారం వస్తే

ప్రశ్న: అమ్మా, శూద్రకుడి సంస్కృత నాటకం ‘మృచ్ఛకటికం’లో శర్విలకుడు ఆడవాళ్ల జోలికి పోని మంచి దొంగ అని మా అబ్బాయి వాదిస్తున్నాడు. దొంగల్లో మంచి దొంగేమిటి? సంస్కృతం పాఠం చెప్పినవారు, మీరే తేల్చండి.
– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం

జవాబు: మీ అబ్బాయి అప్పజెప్పింది శర్విలకుడు తన గురించి తాను చెప్పుకున్న మాట. అందుకే కాస్త ఆచితూచి వినాలి. నాలుగో అంకంలో ప్రియురాలు మదనిక, అంటే వసంతసేన అనే గణిక దగ్గర దాసి, “ఎంత పని చేశావు!” అని నిలదీస్తే తన నియమాలు ఏకరువు పెడతాడు. నగలు పెట్టుకున్న ఆడదాన్ని దోచడట. బ్రాహ్మణుడి సొమ్ము, యజ్ఞం కోసం తీసి ఉంచిన బంగారం ముట్టడట. డబ్బుకోసం దాది ఒళ్లోని పసిబిడ్డను ఎత్తుకుపోడట. దొంగతనంలోనూ ఏది తగును, ఏది తగదు అన్న విచారణ తనకు ఎప్పుడూ ఉంటుందట.

బాగానే ఉంది. మరి ముందటి రాత్రి ఏం చేశాడు? ఉజ్జయినిలో వసంతసేన ప్రియుడు చారుదత్తుడి ఇంటికి కన్నం వేశాడు. కాల్చిన ఇటుకలైతే ఊడబీకాలి, పచ్చివైతే కోయాలి, మట్టిగోడైతే తడపాలి, చెక్కయితే చీల్చాలి అని శాస్త్రం వల్లించుకుని, పూర్ణకుంభం ఆకారంలో కన్నం తీశాడు. తెల్లారి ఇరుగుపొరుగు తిట్టుకుంటూనే పనితనం మెచ్చుకోవాలని ఆయన ముచ్చట! కొలతాడు మరిచిపోతే జంధ్యంతో కొలిచాడు. లోపల చూస్తే మద్దెల, వీణ, పుస్తకాలు. పాపం లేనివాళ్లని వెళ్లిపోబోయాడు కూడా. ఇంతలో చారుదత్తుడి స్నేహితుడు మైత్రేయుడు నిద్రలో కలవరిస్తూ, ఆవు మీద బ్రాహ్మణుడి మీద ఒట్టేసి మరీ నగల మూట చేతికిచ్చాడు. ఒట్టు కాదనకూడదు కదా, పుచ్చుకున్నాడు.

ఆ ఇల్లు బ్రాహ్మణుడిది. ఆ నగలు వసంతసేన దాచమని ఇచ్చినవి. మూడు నియమాల్లో రెండు ఆ రాత్రే గంగలో కలిశాయి. తెలిసి చేయలేదు, నిజమే. ఎవరి ఇల్లో తెల్లారాక జనం అనుకుంటుంటేనే తెలిసింది.

అసలు దెబ్బ తగిలింది చారుదత్తుడి భార్య ధూతకు. నగలు భర్తే కాజేశాడని ఊరు అనుకుంటుందేమోనని ఆమె బెంగ. పుట్టింటివాళ్లు పెట్టిన రత్నాల హారం ఒక్కటే మిగిలి ఉంటే అది తీసి, తానిస్తే భర్త పుచ్చుకోడని, వ్రతదానం అనే వంకతో మైత్రేయుడి చేతిలో పెట్టింది. ఈవిడ ఊసు దొంగగారి నియమాల్లో ఎక్కడా లేదు. ఒంటిమీద నగలున్న ఆడది కళ్లెదుట నిలబడితే వదిలేస్తాడు, సరే. ఆయన చేసిన పనికి గోడ అవతల ఇంకో ఆడది మెడలో హారం తీయాల్సి వచ్చింది. దోచింది మదనికను దాస్యం నుంచి విడిపించడానికే కావచ్చు, కానీ ఆ ఖర్చు ధూత కట్టింది. నా మటుకు నాకు ఆ జంటలో మంచిచెడ్డలు తెలిసిన మనిషి మదనిక. నగలు గుర్తుపట్టగానే, చారుదత్తుడు పంపినట్టుగా పట్టుకెళ్లి వసంతసేనకు ఇచ్చెయ్యమంది. మీ అబ్బాయికి ఆ సంగతి కూడా చెప్పండి.

ప్రశ్న: మేడమ్, నేను కొత్తగా హాస్టల్ వార్డెన్‌ని. ఒక కుర్రాడు తోటివాళ్ల డబ్బులు తీసి దొరికిపోయాడు. తల్లిదండ్రులు కొందరు గేటు బయటికి పంపెయ్యమని గొడవ చేస్తున్నారు. నాకేమో టెన్షన్‌తో నిద్ర లేదు. మీరు తరచూ చెప్పే శర్విలకుడైతే ఏం చేసేవాడు?
– ఒక వార్డెన్, కరీంనగర్ జిల్లా

జవాబు: ఆయనకూ సరిగ్గా ఇలాంటి ఘడియ వచ్చింది, పదో అంకంలో. అప్పటికి రాజు పాలకుడు చచ్చాడు, శర్విలకుడి స్నేహితుడు ఆర్యకుడు గద్దెనెక్కాడు. చారుదత్తుణ్ణి చంపబోతున్న చోటికి శర్విలకుడు కొత్త రాజు మనిషిగా వచ్చాడు. హోదా చూపించి నోరు మూయించొచ్చు. అలా చేయలేదు. నీ ఇంటికి కన్నం వేసి, దాచిన సొమ్ము ఎత్తుకుపోయిన పాపిని నేనే, నిన్నే శరణు కోరుతున్నాను అని మొదట ఆ మాట అన్నాడు. నాటకం మొత్తంలో ఆయన నాకు నచ్చిన చోటు ఇదే.

తర్వాత శకారుణ్ణి ఈడ్చుకొచ్చారు. వసంతసేన గొంతు పిసికి, చచ్చిందనుకుని, ఆ నేరం చారుదత్తుడి మీద వేసిన దుర్మార్గుడు. కుక్కలకు వేయాలా, కొరత వేయాలా, రంపంతో కోయాలా చెప్పమని శర్విలకుడు చారుదత్తుణ్ణే అడిగాడు. వదిలెయ్యమన్నాడాయన. శర్విలకుడికి మింగుడుపడలేదు, అయినా వదిలేశాడు.

అందరూ చారుదత్తుడి క్షమాగుణాన్ని పొగుడుతారు. నాకు మాత్రం ఒక పేచీ ఉంది. గొంతు నలిగింది వసంతసేనది. చంపబోయేవాళ్లకు వేసే వధ్యమాలను చారుదత్తుడి మెడలోంచి తీసి ఆమె శకారుడి మీదికి విసిరింది కూడా. జవాబు అంత స్పష్టంగా ఇచ్చినా ఆమెను అడిగినవాడు లేడు.

కాబట్టి వార్డెన్ గారూ, గేటు దగ్గర గొడవ చేసేవాళ్ల సంగతి తర్వాత. డబ్బు పోయిన పిల్లల్ని ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, ఎంత పోయింది, దేనికోసం దాచుకున్నారో అడగండి. ఇంటికెళ్లే బస్సు ఛార్జీ పోగొట్టుకున్నవాడికి ముందు అది ఇప్పించండి. తీసినవాడు ఎందుకు తీశాడో కూడా నలుగురిలో కాకుండా అడగండి. శిక్ష ఏమిటో మాత్రం మీరే తేల్చాలి, ఆ బరువు పిల్లల నెత్తిన పెట్టకండి.

ప్రశ్న: శర్విలకుడి దగ్గర మాయమైపోయే అంజనం ఉండేదట, నిజమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: అంజనం కాదు, ఒంటికి రాసుకునే యోగరోచన. గురువుగారిచ్చారు. రాసుకుంటే కావలివాళ్లకు కనపడరు, ఆయుధం తగిలినా నొప్పెట్టదు. అయితే ఆ రాత్రి ఇటుకలు ఊడబీకుతుంటే వేలికి పాము కాటు పడింది, జంధ్యంతో కట్టు కట్టుకుని వైద్యం చేసుకోవాల్సి వచ్చింది. తయారీ విధానం నాటకంలో లేదు. ఉన్నా ఈ శీర్షికలో అచ్చు వేయను.