ముందు మీ అన్న గడప తొక్కు

చిరంజీవి బిడ్డకు, ప్రభువైన యేసుక్రీస్తు నామమున పెద్దనాయన వందనాలు.

దేవరకొండ నుండి నీవు వ్రాసిన ఉత్తరం అందింది. హైదరాబాదులో వచ్చిన ఉద్యోగంలో చేరాలా, అమ్మ దగ్గరే ఉండి పొలం చూసుకోవాలా అన్న విషయంలో దేవుని చిత్తం తెలియజేయమని 21 రోజులు ఉపవాసముండి ప్రార్థించినా జవాబు రాలేదని బాధపడ్డావు. అదే ఉత్తరం చివర, బోరు నీళ్ల వంతు దగ్గర గొడవై మీ అన్నతో రెండేళ్లుగా మాటలు లేవని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నావు. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను.

తెలియని చిత్తాన్ని వెదికేవాడు తెలిసిన ఆజ్ఞను ముందు నెరవేర్చాలి. అర్పణను బలిపీఠం ఎదుటనే విడిచి, మొదట వెళ్లి సహోదరునితో సమాధానపడమని మత్తయి సువార్త 5వ అధ్యాయంలో ప్రభువు చెప్పాడు. తప్పెవరిదో తేల్చుకొని వెళ్లమనలేదు. అతనికి నీమీద ఏదో విరోధం ఉందని జ్ఞాపకం వస్తే చాలు, కదలవలసింది నీవే.

నీకు తెలియని సంగతి ఒకటి చెబుతాను. మీ నాయనకూ నాకూ రెండు గుంటల పొలం ఒడ్డు దగ్గర ఐదేళ్లు మాటలు లేవు. ఆ ఐదేళ్లూ నేను సంఘ పెద్దగా ఉండి, ప్రతి ఆదివారం కానుక సంచి పట్టుకొని వరుసల మధ్య తిరిగాను. ఒకనాడు సంచి ముందుకు చాపితే మీ నాయన నోటు వేసి, నా ముఖం చూడకుండా తల తిప్పుకున్నాడు. రెండు రోజులు అన్నం సయించలేదు. మంగళవారం పొద్దుగూకే వేళ వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని విత్తనానికి పల్లికాయ ఒలుస్తున్నాడు. దారంతా కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాక, పక్కన కూర్చుని నేనూ ఒలిచాను. చేట సగం నిండాక, "తప్పు నాదే తమ్మీ" అన్నాను. ఒడ్డు సంగతి ఆనాడు తేలలేదు గాని మాట కలిసింది.

అన్న కాదంటే ఎట్లా అని నీవు అడగవచ్చు. యెహోషువ గ్రంథం 3వ అధ్యాయం చదువు. కోతకాలంలో గట్లు పొర్లుతున్న యొర్దాను నదిలో, దేవుని నిబంధన పెట్టె అయిన మందసం మోసే యాజకుల కాళ్లు మునిగిన తరువాతే నీళ్లు ఆగాయి. సాగర్ గేట్లు ఎత్తినప్పుడు కృష్ణను చూసినవాళ్లం కనుక, అటువంటి నీటిలో ముందుగా కాలు పెట్టడమంటే ఏమిటో మనకు ఎవరూ వివరించనక్కరలేదు.

కాబట్టి మధ్యవర్తులను వెంటబెట్టుకోకుండా ఒక్కడివే వెళ్లు. అన్న గడపలో నిలబడి వాక్యాలు వల్లించవద్దు. మోటారు కాలినప్పుడు వైండింగుకు అయిన ఖర్చులో నీ వంతు బాకీ ఉంటే, అడగకముందే చేతిలో పెట్టు. పలకకపోతే వందనం చెప్పి తిరిగివచ్చి, వారం తరువాత మళ్లీ వెళ్లు.

ఉద్యోగం సంగతి అంత భయపడవలసినది కాదు. అబ్రాహాము 75 ఏళ్ల వయసులో ఎక్కడికో తెలియకుండానే బయలుదేరాడు. 1889లో రష్యా నుండి బయలుదేరిన అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు ఎరుగని మన నల్లగొండకు వచ్చి సువార్త పని చేశారు. పోవడమూ ఉండడమూ రెండూ విధేయతే కావచ్చు, అన్నతో మాట కలిపాక కూర్చుని ఆలోచిద్దాం. చేరడానికి నెలాఖరు గడువు అన్నావు గనుక ఈ శనివారమే వెళ్లి, ఏమైందో నాకు వ్రాయి.

నీ పెద్దనాయన,
నల్లగొండ